పై అర మీది పెద్ద గిన్నె

సోమరాయపురం పురపాలక సంఘం వారి వ్యాయామశాలకు ఇటలీ నుంచి పన్నెండు యంత్రాలు వచ్చాయి. చెక్కపెట్టెల్లో, గడ్డి పరుపుల మీద, కొత్త పెళ్లికూతుళ్లలా వచ్చాయి. ప్రతి పెట్టెలోనూ యంత్రంతో పాటు ఒక లావుపాటి పుస్తకం ఉంది. ఆ పుస్తకం ఇటాలియన్ భాషలో ఉంది. ఆ తరువాత ఊరికి వచ్చిన తిప్పలన్నీ ఈ ఒక్క ముక్క వల్లే వచ్చాయి.

పురపాలక నిబంధనల్లో ఒకటుంది. ఏ యంత్రాన్నయినా తయారీదారు సూచనలు చదివి, అర్థం చేసుకుని, అర్థమైనట్టు సంతకం పెట్టినవాడే వాడాలి. దోమల పొగ యంత్రంతో ఎవరో మేస్త్రీ తన మరదలి పెళ్లిలో సాంబ్రాణి వేసినప్పటి నుంచి ఆ నిబంధన ఉంది. అందుకని కమిషనర్ ఇందుశేఖర్ గారు ఆ పుస్తకాలను తెలుగు చేసి పంపమని రాజధానిలోని అనువాద విభాగానికి రాశారు. తమ జాబితాలో ఇటాలియన్ అనే భాష లేనందున, సదరు పుస్తకాలు ఆ భాషలో ఉన్నట్లు గుర్తించజాలమని వారి నుంచి జవాబు వచ్చింది. ఫోనులో పెడితే క్షణంలో తెలుగైపోతుందని ఒక కౌన్సిలరు అన్నాడు. ఫోను ధ్రువీకరణ సంతకం పెట్టగలదా అని కమిషనర్ గారు అడిగితే ఆయన కూర్చున్నాడు.

ఇందుశేఖర్ గారు తెలివైన మనిషి. తెలివైనవాళ్లకు పని ఆగిపోతే నిద్ర పట్టదు. పన్నెండు పుస్తకాలను ఊరి భాషలోకి మార్చడం సాధ్యం కానప్పుడు, ఊరినే పుస్తకాల భాషలోకి మార్చాలని ఆయనకు తోచింది. భాష అనేది మాట్లాడితేనే వస్తుందని పెద్దలు చెబుతారు. జిమ్ముకు వచ్చేవాళ్లు ఎత్తే బరువు కన్నా ఆడే కబుర్లే ఎక్కువని ఆయన కళ్లారా చూశారు. వృథాగా పోతున్న వాన నీటిని ఇంకుడు గుంతలోకి మళ్లించినట్టే, వృథాగా పోతున్న కబుర్లను ఇటాలియన్‌లోకి మళ్లిస్తే సరిపోతుంది. మర్నాడే నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు.

‘ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, వ్యాయామశాల యందు సభ్యులు పరస్పరము జరుపుకొను సంభాషణ ఇకపై ఇటాలియన్ భాష యందే జరుపవలెను. సంభాషణ జరుపని వారికి యంత్రము ఇవ్వబడదు.’

సరిగ్గా ఆ కాగితం కింద జిగురు ఆరకముందే మజ్జి సన్యాసినాయుడు జిమ్ము గుమ్మం ఎక్కాడు.

సన్యాసినాయుడు ఆర్టీసీ డ్రైవరు. ఇరవై నాలుగేళ్లుగా సోమరాయపురం నుంచి చింతలకొండకు బస్సు నడుపుతున్నాడు. ఘాట్ రోడ్డు మలుపులన్నీ అతనికి కంఠస్థం. ముందు సీట్లలో కూర్చునేవాళ్ల ఇళ్లల్లో ఎవరికి జ్వరమో, ఎవరి గేదె ఈనిందో అంతకన్నా కంఠస్థం. చేతిలో స్టీరింగు, నోట్లో కబురు ఉంటే అతనికి దాహం, ఆకలి తెలియవు. అలాంటి మనిషికి కుడి భుజం బిగుసుకుపోయింది. చెయ్యి ఛాతీ దాకా వచ్చి, అక్కడ మొండికేసిన ఎద్దులా నిలిచిపోయేది. మూడు నెలలు సెలవిచ్చి, ఆ తరువాత మెడికల్ బోర్డు ముందు చెయ్యి పైకెత్తి చూపించమన్నారు. ఎత్తితే స్టీరింగు. ఎత్తలేకపోతే డిపోలో టైర్ల గది, రిటైరయ్యేదాకా. టైర్లతో ఏం మాట్లాడతాడు? ఆ గది తలచుకుంటేనే సన్యాసినాయుడికి ముద్ద దిగేది కాదు.

రోజూ రెండు పూటలా తాడూ కప్పీ ఉన్న యంత్రం మీద చెయ్యి పైకీ కిందికీ ఆడించాలని ఫిజియోథెరపిస్టు చెప్పింది. ఊరు మొత్తానికి అలాంటిది ఒక్కటే ఉంది, ఈ జిమ్ములో.

జిమ్ముకు ఇన్‌చార్జి ముకుందరావు. అసలు ఉద్యోగం శానిటరీ ఇన్‌స్పెక్టరు. కాలువలు, కుక్కలు చూసుకుంటూ అదనంగా జిమ్ము కూడా చూస్తున్నాడు. రిజిస్టరు తెరిచి, పుస్తకం చదివి అర్థం చేసుకున్నట్టు సంతకం పెట్టమన్నాడు.

“నాకు పుస్తకవేటీ వొద్దు సార్. ఆ తాడు నాలుగుసార్లు లాగుతాను, పోతాను,” అన్నాడు సన్యాసినాయుడు.

“లాగడానికి అభ్యంతరం లేదండి. అర్థం చేసుకోకుండా లాగడానికే అభ్యంతరం,” అన్నాడు ముకుందరావు ఎంతో మర్యాదగా.

అర్థం కావాలంటే భాష రావాలి. భాష రావాలంటే క్లాసులో చేరాలి. రోట్లో తల పెట్టాక రోకటిపోటుకు వెరవనేల అనుకుని సన్యాసినాయుడు పేరు రాయించుకున్నాడు.

పాఠం చెప్పడానికి జోగినాథాన్ని పెట్టారు. ‘ఇటాలియన్ వాతావరణంలో కనీసం అయిదేళ్ల అనుభవం’ ఉన్నవారు కావాలని ప్రకటన వేస్తే, జిల్లా మొత్తం మీద అతనొక్కడే తేలాడు. జోగినాథం ఒక ఇటాలియన్ సరుకు ఓడలో ఆరేళ్లు వంటవాడుగా పనిచేసి వచ్చాడు. అబద్ధం చెప్పే మనిషి కాదు. తనకు వచ్చిన ఇటాలియన్ అంతా వంటగదిలో పెద్ద వంటవాడి చేత తిట్లు తింటూ నేర్చుకున్నదేనని కమిషనర్ గారికి ముందే విన్నవించుకున్నాడు. భాషకు భోజనమే మూలమని కమిషనర్ గారు అతని భుజం తట్టారు.

జోగినాథానికి వచ్చింది మొత్తం నలభై వాక్యాలు. అందులోనూ సగం మాటలే గుర్తు, మిగతా సగం చేతులతో పూరించేవాడు. ఓడలో పొయ్యిల రొద మధ్య మాట వినపడేది కాదట, చేతులాడించకపోతే పని జరిగేది కాదట. అందుకని చెయ్యి లేనిదే మాట లేదని నియమం పెట్టాడు. నీళ్లు మరిగాయా అని అడగాలంటే రెండు చేతులూ కింది నుంచి పైకి ఆవిరిలా లేవాలి. ఉల్లిపాయ తరగాలంటే మోచెయ్యి ఆడాలి. గరిటె తిప్పాలంటే భుజం గుండ్రంగా తిరగాలి. అన్నిటికన్నా కష్టమైనది ‘పై అర మీది పెద్ద గిన్నె దించు’ అనే వాక్యం. దానికి రెండు చేతులూ తల మీదకు ఎత్తి, బరువైన గిన్నెను పట్టుకున్నట్టు మెల్లిగా పొట్ట దాకా దించాలి. జోగినాథానికి ఆ గిన్నెతో ఏదో పాత పగ ఉంది. ఒక్కొక్కరి చేతా రోజుకు వందసార్లు దింపించేవాడు. చెయ్యి లేవని సన్యాసినాయుణ్ణి మాత్రం, ఇవాళ కింది అర అనుకో, రేపు కాస్త పై అర అనుకో అని కనికరించాడు.

కబుర్లకు జోడీలు కట్టారు. సన్యాసినాయుడికి రిటైరైన పోస్టుమాస్టరు కూర్మారావు గారు జోడీ అయ్యారు. పొద్దున్నే ఇద్దరూ ఎదురెదురుగా నిలబడేవారు.

“బొంజోర్నో,” అనేవాడు సన్యాసినాయుడు. శుభోదయం అని దానర్థం. తరువాతదంతా ఇటాలియన్‌లోనే నడిచినా, భావం మాత్రం ఇది: నీళ్లు మరిగాయా? మరిగాయి, కాని ఉల్లిపాయ మాడుతోంది. అయితే మంట తగ్గించు. ఉప్పు ఎవరు వేశారు? నేను కాదు. సరే, పై అర మీది పెద్ద గిన్నె దించు.

మొదటివారం నవ్వుకున్నారు. రెండోవారానికి వాటితోనే కాలక్షేపం చెయ్యడం అలవాటైంది. మనిషి గొంతులో కబురుంటే ఏ భాషలోనుంచయినా బయటికొస్తుంది. కూర్మారావు గారు కంటి ఆపరేషన్ చేయించుకుని వచ్చిన రోజున, వంట బాగా కుదిరిందని ఇటాలియన్‌లో చెప్పి కళ్లద్దాలు తీసి చూపించారు. సన్యాసినాయుడికి సంతోషమేసి ఆయన చేతులు పట్టుకున్నాడు. చేతులు పట్టుకుంటే మాట ఆగిపోతుంది కాబట్టి ముకుందరావు వచ్చి విడదీశాడు.

ఇంట్లో సన్యాసినాయుడి భార్య చిన్నమ్మలు బెంగపెట్టుకుంది. మొగుడు పెరట్లో నిలబడి రెండు చేతులూ గాల్లోకి లేపి, లేని గిన్నెను దించుతూ గొణుక్కుంటుంటే ఏ గాలో సోకిందనుకుని ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది. ఘాటుకు దగ్గొచ్చి అతను మంట తగ్గించమని ఇటాలియన్‌లో అరిచాడు. దాంతో ఆమె అనుమానం రూఢి అయింది.

ఇంతా చేస్తే యంత్రం ముట్టుకోనిచ్చారా? లేదు. మొదట పది నిమిషాల సంభాషణ అయ్యాక అయిదు నిమిషాలు యంత్రం ఇస్తామన్నారు. అయితే ఆ మాట అమలుకాక ముందే, పాత ఇనుప బరువులెత్తేవాళ్లు రొప్పుతూ మాట్లాడుతున్నారని, రొప్పు వల్ల ఉచ్చారణ చెడుతోందని జోగినాథం ఒకసారి నోరు జారాడు. వెంటనే మరో కాగితం వెలువడింది. ‘వ్యాయామము సంభాషణకు ఆటంకము కలిగించుచున్నట్లు గమనించడమైనది. కావున వ్యాయామశాల యందు వ్యాయామము తాత్కాలికముగా నిలుపుదల చేయనైనది.’

ఆ తరువాత చేరేవాళ్లు పెరిగి చోటు చాలలేదు. లోపల అడ్డంగా ఉన్నవి యంత్రాలే కాబట్టి, వాటిని వెనక రేకుల షెడ్డులో పెట్టి టార్పాలిన్ కప్పారు. వాటి పక్కనే పాత దోమల పొగ యంత్రం ఉంది, తోడుగా. ఖాళీ అయిన హాల్లో ఎనభై మంది జోడీలుగా నిలబడి చేతులు పైకీ కిందికీ ఆడిస్తూ ఉప్పు గురించి మాట్లాడుకునేవారు.

రాజధాని నుంచి ప్రాంతీయ సంచాలకులు తనిఖీకి వచ్చారు. రాష్ట్రంలో తాను చూసిన జిమ్ములన్నిటిలోనూ ఇనుము చప్పుడు, చెమట వాసన, బెణుకులు ఉన్నాయని, ఈ మూడూ లేని జిమ్ము ఇదొక్కటేనని తనిఖీ పుస్తకంలో రాసి వెళ్లారు. యంత్రాలు కొత్తవి కొత్తవిగానే ఉంచిన శ్రద్ధను మరీ మెచ్చుకున్నారు.

మెడికల్ బోర్డుకు పదిహేను రోజులుంది. సన్యాసినాయుడు ఉండబట్టలేక కమిషనర్ గారి దగ్గరికి వెళ్లాడు. బిగిసిన భుజం సంగతి, టైర్ల గది సంగతి చెప్పి, తాడు యంత్రం షెడ్డులోనే ఉండనివ్వండి, అక్కడికే వెళ్లి లాగుకుంటానని చేతులు జోడించాడు. జోడించిన చేతులు ఎంత ఎత్తుకు వెళ్లాయో అతనూ చూసుకోలేదు, కమిషనర్ గారూ చూడలేదు. అర్జీలు పట్టుకొచ్చినవాడి చేతులు ఎవరు చూస్తారు?

“నాయుడు గారూ, మీ భుజం మీ వ్యక్తిగత విషయం. మీ ఉచ్చారణ పట్టణ ప్రతిష్ఠకు సంబంధించిన విషయం. ముందు మౌఖిక పరీక్ష ఉత్తీర్ణులు కండి,” అన్నారు ఇందుశేఖర్ గారు.

సన్యాసినాయుడు కసిగా చదివాడు. పగలంతా పెరట్లో గిన్నెలు దించాడు. మౌఖిక పరీక్షలో ఎనభై మందిలోనూ మొదటివాడుగా వచ్చాడు. బోర్డుకు ఇంకొక్క రోజుందనగా, పుస్తకం తెరిచే అర్హత సాధించిన తొలి పౌరుడుగా అతనికి శాలువా కప్పి, తాడు యంత్రం పుస్తకాన్ని బల్ల మీద పెట్టారు.

సన్యాసినాయుడు మొదటి పేజీ తిప్పాడు. రెండో పేజీ తిప్పాడు. ఉల్లిపాయ ఎక్కడా లేదు. ఉప్పు లేదు. నీళ్లు మరగడం లేదు. నలభై పేజీలు తిప్పినా తెలిసిన మాట ఒక్కటి తగల్లేదు. జోగినాథం వచ్చి చెమటలు కక్కుతూ వెతికి వెతికి, ఆఖరికి ఒక్క మాట దగ్గర వేలు పెట్టాడు.

“నూనె అని ఉంది,” అన్నాడు.

“ఎంత?” అన్నాడు ముకుందరావు రిజిస్టరు మీద పెన్ను పెట్టి.

“అది తెలీట్లేదండి. రుచికి తగినంత వేసుకోవాలేమో.”

ముకుందరావు అలాగే రాసుకున్నాడు. పుస్తకం పూర్తిగా అర్థం కాలేదు కాబట్టి యంత్రం ఇవ్వడం కుదరదనీ, రెండో స్థాయి తరగతులు త్వరలో మొదలవుతాయనీ ప్రకటించారు. సన్యాసినాయుడు శాలువా మడిచి చంకలో పెట్టుకుని ఇంటికి నడిచాడు. మూడు నెలల్లో ఒక్కసారి కూడా ఆ తాడు ముట్టుకోలేదు. రేపు డాక్టర్ల ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడాలో తెలియక ఆ మనిషికి దుఃఖం పొంగింది.

మర్నాడు జిల్లా ఆసుపత్రిలో ముగ్గురు డాక్టర్లు కూర్చున్నారు. నడుమ కూర్చున్న పెద్దాయన కాగితం చూసి, ఫిజియోథెరపిస్టు చెప్పిన వ్యాయామం చేశావా అని అడిగాడు. అంతే, మూడు నెలలుగా కడుపులో కుక్కుకున్నదంతా సన్యాసినాయుడి నోటి దాకా వచ్చింది.

“ఎక్కడ సేస్తాను బాబూ? తాడు షెడ్డులో పారేసినారు. నన్ను నిలబెట్టి, నీళ్లు మరిగినాయా అని ఇలగ, గరిటె తిప్పమని ఇలగ, పై అర మీద పెద్ద గిన్నె దించమని ఇదిగో, ఇలగ సేయించినారు. రోజుకి నూరుసార్లు. ఇంక నా సెయ్యి ఎలగ బాగవుద్ది సెప్పండి.”

డాక్టర్లు ముగ్గురూ అతని మొహం చూడటం లేదు. అతని తల మీదికి చూస్తున్నారు. సన్యాసినాయుడు కూడా తలెత్తి చూశాడు. అక్కడ తన కుడి చెయ్యి ఉంది. ఎడమ చెయ్యి పక్కనే, దానికి సమానంగా, నిటారుగా ఉంది. అతను దాన్ని దించడానికి భయపడ్డాడు. దించితే మళ్లీ లేస్తుందో లేదోనని అలాగే కాసేపు నిలబడిపోయాడు. కళ్ల వెంట నీళ్లు కారుతుంటే తుడుచుకోవడానికి చేతులు ఖాళీగా లేవు.

పెద్ద డాక్టరు గారు ఆ గిన్నెను ఇంకో రెండుసార్లు దింపించి చూసి, ఫిట్ అని రాసిచ్చారు.

కబురు కమిషనర్ గారికి చేరింది. ఇటాలియన్ భాష వలన భుజములు నయమగుచున్నవని ఆయన నివేదిక పంపారు. ఆ నెలలోనే జిల్లా ఆసుపత్రి ఎముకల వార్డులో కట్లు కట్టుకున్న వాళ్లందరికీ జోగినాథం పాఠం మొదలైంది. కాలు విరిగినవాళ్లకు ఏ వాక్యం చెప్పాలో తెలియక అతను సెలవు పెట్టాడు.

సన్యాసినాయుడికి డ్యూటీ ఇచ్చే ముందు డిపో మేనేజరు హైమావతి గారు తానే పక్కన కూర్చుని ఖాళీ బస్సు నడిపించి చూశారు. చెరువు గట్టు దాకా బండి వెన్నలా సాగింది. ఆవిడ తృప్తిపడి, భుజం ఎలా ఉంది నాయుడు గారూ అని మాటవరసకు అడిగారు. అద్భుతంగా ఉందని చెప్పబోయాడు సన్యాసినాయుడు. చెయ్యి లేనిదే మాట లేదని మూడు నెలలు నేర్చిన ఒళ్లు కదా, రెండు చేతులూ స్టీరింగు మీంచి లేచిపోయాయి. బస్సు చెరువు వైపు తిరిగింది. ఆవిడ రెండు చేతులా కడ్డీ పట్టుకున్నారు. బ్రేకు మాత్రం కాలితో వెయ్యాల్సింది కాబట్టి పడింది.

ఆవిడ తేరుకుని, కిందికి దిగి, చెట్టు కింద నిలబడి చెప్పారు. “మీ చెయ్యి ఫిట్టే. మీ మాటే అన్‌ఫిట్టు. డ్రైవింగు చేస్తూ మీ నోట్లోంచి ఒక్క ముక్క వచ్చిందని తెలిసినా టైర్ల గదికే పంపిస్తాను.”

ఆ మాట ఆర్డరు రూపంలో కూడా వచ్చింది. సన్యాసినాయుడు నాలుగు రోజులు నోరు కుట్టేసుకుని నడిపాడు. ముందు సీటు వాళ్లు పలకరిస్తే పళ్లు బిగబట్టి రోడ్డు చూసేవాడు. నాయుడికి శాలువా కప్పాక తలకెక్కిందని చింతలకొండ సంతలో చెప్పుకున్నారు. అది విన్న రోజున అతనికి టైర్ల గదే నయమనిపించింది. స్టీరింగు తిరిగి దక్కిందన్న మాటే గాని, అతను కోరుకున్న స్టీరింగు ఇది కాదు.

అయిదో రోజు విస్తళ్లు కుట్టే అడ్డాకుల కట్టలతో కొండ నుంచి దిగే గౌరమ్మ ముందు సీట్లో కూర్చుంది. ఆమె ఇరవై ఏళ్ల పాసింజరు. కాసేపు చూసి, నెమ్మదిగా అడిగింది.

“ఏటి బాబూ, మామీద కోపవేటి?”

తరువాతి మలుపు దాటాక, పదకొండో మైలు దగ్గర, ఊరూ పేరూ లేని ఒక కల్వర్టు పక్కన సన్యాసినాయుడు బండి ఆపాడు. హ్యాండ్‌బ్రేకు వేశాడు. ఇంజను ఆపి తాళం తీసి జేబులో వేసుకున్నాడు. సీట్లో వెనక్కి తిరిగి, రెండు చేతులూ పైకెత్తి, భుజం బిగిసిన రోజు నుంచి మొదలుపెట్టి మొత్తం చెప్పాడు. ఉల్లిపాయ చెప్పాడు, నూనె చెప్పాడు, చెరువు చెప్పాడు. గౌరమ్మ కళ్లు తుడుచుకుంది, వెనక సీట్లవాళ్లు ముందుకొచ్చి నిలబడి విన్నారు. పావుగంటకు కబురు పూర్తయింది. అతను ముందుకు తిరిగి, నోరు మూసుకుని, బండి కదిలించాడు.

రోజూ అదే చోట ఆపడం, రోజూ పావుగంట ఆలస్యం కావడం డిపోలో తేలింది. సంజాయిషీ అడిగారు. ఆర్డరు ప్రకారం డ్రైవింగు చేయుచూ మాట్లాడలేదని, మాట్లాడవలసి వచ్చినందున డ్రైవింగు ఆపితినని సన్యాసినాయుడు రాసిచ్చాడు. హైమావతి గారు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివారు. ఎక్కడా తప్పు దొరకలేదు. కాని బస్సు రోజూ ఆలస్యం కావడం పైవాళ్లకు చెప్పుకోలేరు. దానికి ఆవిడ ఉపాయం ఆవిడకు దొరికింది. కొత్త టైంటేబులులో పదకొండో మైలు దగ్గర ‘సంభాషణ, పదిహేను నిమిషాలు’ అని వేయించారు. అప్పటి నుంచి ఆ బస్సు ఒక్కరోజు కూడా ఆలస్యం కాలేదు.

ఆ కల్వర్టుకు మూడు మైళ్ల దూరంలోపు ఇల్లన్నది లేదు. అయినా ఇప్పుడు అక్కడ ఎక్కేవాళ్లున్నారు, దిగేవాళ్లున్నారు.